బ్యాంకు గుమ్మంలో గ్రీకు స్తంభాలు

క్లాసికల్ శైలిలో కట్టిన పాత బ్యాంకు భవనాన్ని గుర్తుపట్టడానికి బోర్డు చదవక్కర్లేదు. వీధి మట్టానికి మనిషెత్తున అరుగు, దాని మీదికి వెడల్పాటి మెట్లు, మెట్లెక్కగానే వరసగా లావుపాటి గుండ్రటి స్తంభాలు, వాటి నెత్తిన అడ్డంగా బరువైన పట్టె, ఆ పైన త్రికోణాకారపు ముఖభాగం కనిపిస్తాయి. పక్క షాపులన్నీ వీధిలోకి తోసుకొచ్చినట్టుంటే ఇదొక్కటే నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడుతుంది. ఈ అమరిక గ్రీకు దేవాలయానిది. రోమన్లు దాన్ని తమకు తగ్గట్టు మలుచుకున్నారు. ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో 1570లో అచ్చువేసిన నాలుగు సంపుటాల గ్రంథంలో కొలతలతో సహా పద్దు రాసిపెట్టాడు. ఆ పుస్తకాన్ని చేతపట్టుకుని ఇంగ్లండు మేస్త్రీలు, ఇంజనీర్లు ప్రపంచమంతా కట్టుకుంటూ పోయారు. అలా దేవుడుండే చోట డబ్బు చేరింది.

డబ్బుకు గుడి రూపం అవసరమైన కారణం బ్యాంకు వ్యాపారంలోనే ఉంది. సొమ్ము తీసుకుని కాగితం ఇచ్చేవాడిని ఎందుకు నమ్మాలి? మన దేశంలో డిపాజిట్లకు బీమా 1962 జనవరి 1న గానీ రాలేదు. అప్పుడు కూడా ఒక్కో ఖాతాదారుకు హామీ 1,500 రూపాయలే. ఇప్పటి 5 లక్షల పరిమితి 2020 నుంచి అమల్లో ఉంది. బీమా రాకముందు బ్యాంకు మునిగితే ఖాతాదారు కూడా దానితోనే మునిగేవాడు. లెక్కల పుస్తకాలు చూసే వీలు అతనికి లేదు, చూసినా అర్థం కావు. కనిపించేది భవనం ఒక్కటే. అది రాయిలా, కదలనిదిగా, పూర్వం నుంచీ ఉన్నదానిలా కనిపిస్తే గుండె నిబ్బరం. అందుకే నిన్న మొన్న పుట్టిన బ్యాంకులు కూడా రెండు వేల ఏళ్ల వయసు నటించే ముఖద్వారాలు కట్టించుకున్నాయి.

ఈ పద్ధతికి రెండు పెద్ద నమూనాలున్నాయి. లండన్‌లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుకు జాన్ సోన్ 1788 నుంచి 1833 వరకు వాస్తుశిల్పిగా పనిచేశాడు. 1780 అల్లర్లలో జనం బ్యాంకు మీదికి వచ్చిన జ్ఞాపకం ఇంకా చల్లారని రోజులవి. ఆయన వీధివైపు ఒక్క కిటికీ కూడా పెట్టకుండా చుట్టూ గోడ లేపి, దాని మీద స్తంభాలు అలంకరించి, వెలుతురంతా లోపలి హాళ్ల పైకప్పుల్లోంచి దింపాడు. 1920, 30 దశకాల్లో హెర్బర్ట్ బేకర్ లోపలి కట్టడాన్ని చాలావరకు పడగొట్టి కొత్తది కట్టాడు. సోన్ గోడ మాత్రం మిగిలింది. ఢిల్లీలో సెక్రటేరియట్ భవనాలు కట్టింది కూడా ఈ బేకరే. రెండో నమూనా అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉంది. విలియం స్ట్రిక్‌లాండ్ సెకండ్ బ్యాంక్ ఆఫ్ ద యునైటెడ్ స్టేట్స్‌కు 1819–1824 మధ్య ఏథెన్సు పార్థెనాన్‌ను పోలిన పాలరాతి ముఖం కట్టాడు, ఎనిమిది డోరిక్ స్తంభాలతో. పుష్కరం తిరిగేసరికి, 1836లో, ఆ బ్యాంకు అనుమతిపత్రం గడువు తీరిపోయింది. బ్యాంకు పోయింది, భవనం ఉంది.

భవనాన్ని కింది నుంచి పైకి చదవాలి. ముందు అరుగు. వాన నీరు, తేమ, జన ప్రవాహం నుంచి కట్టడాన్ని పైకెత్తడం దాని పని. డబ్బు దగ్గరకు రావాలంటే ఎక్కి రావాలని చెప్పడం కూడా దాని పనే. ఆ తర్వాత పోర్టికో, అంటే స్తంభాల వసారా. తెలుగునాట కారు నిలిపే చోటును ఇప్పటికీ పోర్టికో అంటున్నామంటే ఆ మాట ఇలాంటి భవనాల నుంచే వచ్చింది. గుర్రపు బండి వచ్చి ఆగిన చోట తర్వాత కారు ఆగింది.

స్తంభాల్లో ప్రధానంగా మూడు రకాలు. డోరిక్ తలకట్టు సాదా పళ్లెంలా ఉంటుంది. అయోనిక్‌కు రెండు వైపులా చుట్టలు తిరిగిన పొట్టేలు కొమ్ముల్లాంటి మలుపులుంటాయి. కోరింథియన్ తల మీద ఆకుల గుత్తి విచ్చుకుంటుంది. ఆ ఆకు అకాంథస్ అనే మధ్యధరా మొక్కది. దానికి దగ్గరి చుట్టమైన ముళ్లాకు మొక్క ఒకటి కృష్ణ సముద్రంలో కలిసే చోట, రేపల్లె, నిజాంపట్నం వైపు మడ అడవుల బురదలో దండిగా పెరుగుతుంది. గ్రీకు శిల్పి చెక్కిన ఆకు అంచులు ఎలా ఉంటాయో తెలుసుకోవడానికి ఏథెన్సు దాకా వెళ్లనక్కర్లేదు.

ఒక్కో రకానికీ ఒక కొలత ఉంది. పాదం దగ్గరి వ్యాసాన్ని ఒక పాలుగా తీసుకుంటే, రోమన్ లెక్కల్లో డోరిక్ స్తంభం ఎత్తు ఎనిమిది పాళ్లు, అయోనిక్ తొమ్మిది, కోరింథియన్ పది. అంటే పాదం రెండడుగులుంటే కోరింథియన్ స్తంభం ఇరవై అడుగులు లేవాలి. లేవకపోతే చూడగానే ఎక్కడో తేడా కొడుతుంది. పైకి పోయేకొద్దీ స్తంభం సన్నబడి, తల దగ్గర వ్యాసం సుమారుగా ఆరింట ఐదు వంతులు మిగులుతుంది. నిట్టనిలువుగా చెక్కితే నడుము లోపలికి పోయినట్టు కన్ను మోసపోతుంది కాబట్టి మధ్యలో చిన్న ఉబ్బు ఇస్తారు. బ్యాంకులు ఎంచుకున్న రకంలోనూ లెక్క ఉంది. గట్టివాళ్లమని చెప్పాలంటే డోరిక్, కలిగినవాళ్లమని చెప్పాలంటే కోరింథియన్.

మన గుడి స్తంభంతో పోల్చితే తేడా తెలుస్తుంది. బాపట్ల భావనారాయణస్వామి ఆలయం వంటి పాత కోవెలల్లో స్తంభం రాతిది. చదరపు భాగాలు, పలకలు తిరిగిన భాగాలు ఒకదాని మీద ఒకటిగా ఉండి, పైన బోదిగలు చేతులు చాచి దూలాన్ని మోస్తాయి. అక్కడ స్తంభం మండపం లోపల, భక్తుల మధ్య ఉంటుంది. బ్యాంకు స్తంభం మాత్రం బయట, వీధికి ఎదురుగా నిలబడుతుంది. గుడి స్తంభం దగ్గరకు వచ్చి చూసేవాళ్ల కోసం, బ్యాంకు స్తంభం దూరం నుంచి చూసేవాళ్ల కోసం.

తెలుగు నేల మీద ఈ శైలికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ బ్యాంకు కాదు. అది హైదరాబాదు కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరున్న మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణం. 1798 నుంచి 1805 వరకు రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ దీన్ని తలపెట్టాడు. నమూనా గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళంలోని లెఫ్టినెంట్ శామ్యూల్ రసెల్. సొమ్ము నిజాముది. స్థలం అడిగినప్పటి కథ ఒకటి చెబుతారు. కిర్క్‌పాట్రిక్ పంపిన నక్షా పెద్ద కాగితం మీద ఉండటంతో, తన రాజ్యపు పటాలు కూడా ఇంత పెద్దవి లేవని నిజాం అలీఖాన్ కాదన్నాడట. అదే నక్షాను చిన్న అట్టముక్క మీద గీసి పంపితే సరేనన్నాడట. కొలతలతో నమ్మకం పుట్టించడంలో ఇంతకు మించిన పాఠం ఏ బ్యాంకరూ చెప్పలేడు.

రెసిడెన్సీ ఉత్తర ముఖాన మెట్లకు అటూ ఇటూ సింహాలు, పైన రెండంతస్తుల ఎత్తున ఆరు కోరింథియన్ స్తంభాలు, త్రికోణపు ముఖభాగంలో ఈస్టిండియా కంపెనీ చిహ్నం ఉన్నాయి. లోపల రెండంతస్తుల దర్బారు హాలు, కాగితపు గుజ్జుతో చేసిన అలంకరణల పైకప్పు, చీలి రెండువైపులా పైకి పోయే మెట్ల వరస. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ తమ మనుషులతో దాడికి వచ్చింది ఈ ఆవరణ మీదికే. 1949లో ఆడపిల్లల కాలేజీ ఇందులోకి వచ్చింది.

బ్యాంకు సంగతి కూడా ఈ గోడల పక్కనే మొదలవుతుంది. రెసిడెన్సీ నీడలో విలియం పామర్ అనే ఆంగ్లో-ఇండియన్ 1814 ప్రాంతంలో పెద్ద లేవాదేవీల కొఠీ నడిపాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీ జనరల్, తల్లి మొఘల్ కులీన కుటుంబపు ఫైజ్ బక్ష్. నిజాం సర్కారుకు నూటికి ఏడాదికి ఇరవై నాలుగు, ఇరవై ఐదు రూపాయల వడ్డీకి అప్పులిచ్చేవాడు. 1820లో చార్లెస్ మెట్‌కాఫ్ రెసిడెంటుగా వచ్చి ఆ లెక్కలు తవ్వితీశాక కలకత్తా నుంచి లండను దాకా రభస జరిగింది. 1824లో ఆ కొఠీ మూతపడింది. స్తంభాలున్న పెద్ద భవనం పక్కన ఉన్నంత మాత్రాన సొమ్ముకు భద్రత రాదని హైదరాబాదు అప్పుడే చూసింది.

రెసిడెన్సీ స్తంభాలు చూడటానికి రాతివి, నిజానికి ఇటుకవి. ఈ శైలి దక్షిణాదిలో బతికిందంటే అందుకు కారణం పాలరాయి కాదు, సున్నం. స్తంభం గుండ్రంగా రావడానికి తగ్గట్టు ఇటుకలను చెక్కి లేదా అచ్చుపోసి వరసలు పేరుస్తారు. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి చల్లార్చి, ఇసుకతో కలిపి ఎద్దులు తిప్పే డంగులో మెత్తగా నూరుతారు. ఆ సున్నం పేరే డంగు సున్నం. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపేవాళ్లు. పైపూతకు సముద్రపు గుల్లలు కాల్చిన గుల్ల సున్నం కావాలి. అది రాతి సున్నం కంటే తెల్లన, మెత్తన. దానికి కోడిగుడ్డు తెల్లసొన, పెరుగు, ఒక్కోచోట నెయ్యి చేర్చి పలచటి పొరగా పట్టించేవాళ్లు. పూత ఇంకా పచ్చిగా ఉండగానే నున్నటి రాయితో గంటల తరబడి రుద్దాలి. మధ్యమధ్య పలచటి గుడ్డమూటలో బలపపు పొడి పోసి అద్దాలి. చివరికి వచ్చే మెరుపు అద్దంలాంటిది. ఇంగ్లండు నుంచి వచ్చిన యాత్రికులు పాలరాయి అనుకుని తడిమి చూసి మోసపోయేవారు. దీనికే మద్రాసు చునాం అని దేశమంతా పేరు.

పైకప్పు మద్రాసు టెర్రస్. గోడ నుంచి గోడకు టేకు దూలాలు వేసి, వాటి మీద అంగుళం మందపు చిట్టి ఇటుకలను ఐమూలగా, అంచుల మీద నిలబెట్టి సున్నంతో అతికిస్తారు. ఆ పైన ఇటుక జల్లి కలిపిన సున్నపు కాంక్రీటు పోసి, ఆడామగా వరసగా కూర్చుని చెక్కపేడులతో రోజుల తరబడి దిమ్మిస చేస్తారు. మీద పలక ఇటుకలు, చివరి పూత. వేసవిలో కింద గది చల్లగా ఉండటానికి ఆ మందమే కారణం.

ఇక పునాది. బరువైన స్తంభాల భవనాన్ని ఉబ్బే, కుంగే నేలలో నిలపడం ఈ శైలికి వచ్చిన అసలు పరీక్ష. తెనాలి చుట్టుపక్కల నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. బాపట్ల వైపు ఇసుక. రేపల్లె కింద కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రు, కొద్దిగా తవ్వితే నీరు. మద్రాసు ఎగ్మూరులో సెయింట్ ఆండ్రూస్ చర్చి కట్టిన డి హావిలాండ్‌కు ఇలాంటి చిక్కే వచ్చింది. 1818–1821 మధ్య అయోనిక్ స్తంభాలతో కట్టిన ఆ భవనం కింద ఆయన దాదాపు 150 బావులు దింపించాడు. ఇటుక ఒరలను లోపలి మట్టి తోడుకుంటూ కిందికి దించి, గట్టి నేల తగిలాక నింపేసి, ఆ బావుల మీద గోడలు లేపాడు. ఈ పని తెలుగు తాపీ మేస్త్రులకు, బావులు దించే ఒడ్డెరలకు కొత్తది కాదు. తాగునీటి బావి ఒర దించే పద్ధతే అది. గోదావరి ఆనకట్ట కూడా అలాంటి బావుల మీదే లేచింది.

బ్యాంకులు తెలుగు జిల్లాల్లోకి వచ్చిన వరస క్లుప్తంగా ఇది. 1843లో మద్రాసు ప్రెసిడెన్సీకి బ్యాంక్ ఆఫ్ మద్రాస్ ఏర్పడి, రేవు పట్టణాలకు శాఖలు విస్తరించింది. 1921 జనవరి 27న అది బెంగాల్, బొంబాయి ప్రెసిడెన్సీ బ్యాంకులతో కలిసి ఇంపీరియల్ బ్యాంకు అయింది. ఐదేళ్లలో వంద కొత్త శాఖలు తెరవాలన్న షరతు ఆ బ్యాంకు మీద ఉండేది. అదే 1955 జూలై 1న స్టేట్ బ్యాంకుగా మారింది. ఈలోగా బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య చొరవతో 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకు, హైదరాబాదులో 1942 ఏప్రిల్ 5న హైదరాబాద్ స్టేట్ బ్యాంకు పని మొదలుపెట్టాయి.

చిత్రమేమిటంటే బ్యాంక్ ఆఫ్ మద్రాస్ తన పెద్ద భవనం కట్టుకునే నాటికి క్లాసికల్ శైలి మోజు అక్కడ తగ్గిపోయింది. రేవుకు ఎదురుగా 1897లో పూర్తయిన ఆ భవనం గుమ్మటాలు, కమానులు, రంగు గాజులతో ఇండో-సారసెనిక్ పద్ధతిలో ఉంది. దాని రూపకల్పనలో వాస్తుశిల్పి హెన్రీ ఇర్విన్ చేయి ఉంది. కట్టినవాడు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి, మద్రాసు కోమటి కుటుంబాల్లోనివాడు. మద్రాసు హైకోర్టు, విక్టోరియా మెమోరియల్ హాలు కట్టిన గుత్తేదారు కూడా ఆయనే. పాలించేవాళ్లు గ్రీసును వదిలి మొఘలుల గుమ్మటాలను ఎత్తుకున్న రోజుల్లో, వాటిని నిలబెట్టింది ఇంటి పేరు తెలుగుదైన గుత్తేదారు.

రాతి ముఖం ఇచ్చే హామీ ఎంతదో 1906 అక్టోబరు 22న మద్రాసు తెలుసుకుంది. ఆర్బత్‌నాట్ కంపెనీ అనే బ్యాంకు ఆ రోజు చేతులెత్తేసింది. దాదాపు వందేళ్ల పేరు, దొరల కంపెనీ, దాచుకున్నవాళ్లలో పింఛనుదారులు, వితంతువులు. కంపెనీ పెద్ద జార్జ్ ఆర్బత్‌నాట్‌కు జైలుశిక్ష పడింది గానీ దాచుకున్న సొమ్ము పూర్తిగా తిరిగి రాలేదు. ఆ దెబ్బ నుంచే వి. కృష్ణస్వామి అయ్యర్ వంటివారు పూనుకుని 1907 ఆగస్టు 15న ఇండియన్ బ్యాంకు తెరిచారు. ఆ తరువాతి స్వదేశీ బ్యాంకులు నమ్మకాన్ని స్తంభాల్లో కాక, వాటాదారుల ఊరిపేర్లలో, ఇంటిపేర్లలో వెతుక్కున్నాయి. చిన్న పట్టణాల్లో చాలా శాఖలు అద్దె మిద్దెల్లోనే నడిచాయి.

క్లాసికల్ బ్యాంకు లోపలి అమరిక బయటి ముఖమంత పాతది కాదు. అది పూర్తిగా పనికోసం పుట్టింది. గుమ్మం దాటగానే ఎత్తైన హాలు, అడ్డంగా టేకు కౌంటరు, దాని మీద ఇత్తడి ఊచల జాలీ, జాలీలో చెయ్యి పట్టేంత కంత. చెక్కు లోపలికి ఇస్తే గుమస్తా అంకె చెక్కిన ఇత్తడి బిళ్ళ ఇచ్చేవాడు. బల్ల మీద కూర్చుని ఆ అంకె పిలిచేదాకా వేచి ఉండాల్సి వచ్చేది. షరాబు వెండి రూపాయిని రాతిపలక మీద వేసి మోగించి, చెవితోనే కల్తీ పట్టేవాడు. గది ఎంత ఎత్తున్నా పైన చిన్న కిటికీలుండేవి. వేడిగాలి అక్కడి నుంచి పోయేది. ఇంపీరియల్ బ్యాంకులో శాఖ పెద్దను ఏజెంటు అనేవారు. ఆయన గది తలుపు నుంచి చూస్తే కౌంటరు మొత్తం కనబడేలా గోడలు పెట్టేవారు. స్తంభాల కన్నా ఈ చూపు వరసకే బ్యాంకు ఎక్కువ రుణపడి ఉంది.

వెనక స్ట్రాంగ్ రూమ్. దాని గోడలు మిగతా గోడలకు రెట్టింపు మందం, పైకప్పు కలప లేకుండా ఇటుక కమాను, ఎందుకంటే దూలాన్ని కోసుకుని దిగవచ్చు, నిప్పు కూడా అంటుకుంటుంది. బయటి గోడకు ఆనకుండా చుట్టూ నడిచే సందు వదిలేవారు. కాపలావాడు రాత్రి ఆ సందులో లాంతరుతో తిరిగేవాడు. ఇనుప తలుపుకు రెండు తాళాలు, ఒకటి ఏజెంటు దగ్గర, రెండోది ఖజాంచీ దగ్గర. ఒకరు లేకుండా రెండోవారు తెరవలేరు. ఆ తాళాలు మొదట్లో ఇంగ్లండు నుంచే వచ్చేవి. 1897లో తాళాలతో మొదలైన గోద్రెజ్ తర్వాత ఇనప్పెట్టెలకూ దిగి, చివరికి ప్రతి ఇంటి బీరువాకూ తన పేరే పెట్టించుకుంది.

కృష్ణా డెల్టాలో ఈ శైలి ఎక్కువగా కనబడేది బ్యాంకుల మీద కాదు, ఇళ్ల మీద. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలవలొచ్చాక వరి పండింది. 1916లో గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకు రైలు పడింది. మిల్లులు, ధాన్యం కొట్లు, వడ్డీ వ్యాపారం పెరిగాయి. అప్పటి దాకా తాటాకు, పెంకు కప్పులున్న వీధుల్లో మిద్దెలు లేచాయి. వసారాకు ఆరేడు గుండ్రటి స్తంభాలు, తలల మీద ఆకుల గుత్తులు, పైన పిట్టగోడ మధ్యలో త్రికోణం, అందులో కట్టిన సంవత్సరం. కోరింథియన్ ఆకుల మధ్య మేస్త్రి తనకు తెలిసిన తామరపువ్వునో చిలకనో దూర్చేవాడు. పది పాళ్ల కొలత ఎవరూ పట్టించుకోలేదు. పొట్టి స్తంభాల మీద పెద్ద తలలు కుదిరాయి. పల్లాడియో చూస్తే నొచ్చుకునేవాడేమో గానీ, వీధికి మాత్రం అందమే వచ్చింది. ఊళ్లో అప్పు పుట్టాలంటే ఆ వసారా అరుగెక్కాలి కాబట్టి, ఒక రకంగా అవీ బ్యాంకులే.

సిమెంటు, ఇనుము చవకయ్యాక 1930ల నుంచి ఈ శైలి వెనక్కి తగ్గింది. పోతపోసిన కాంక్రీటు దూలానికి దగ్గరదగ్గరగా స్తంభాలక్కర్లేదు. అడ్డపట్టీలు, గుండ్రటి మూలలు ఉన్న ఆర్ట్ డెకో పట్టణాల్లోకి వచ్చింది. ఆపైన బ్యాంకులు షట్టరు, గాజు తలుపులకు మారాయి.

మిగిలిన పాత కట్టడాలకు ఇప్పుడు ఎక్కువ హాని చేసేది కాలం కాదు, సిమెంటు. సున్నపు గోడ నేలలోంచి తేమ పీల్చుకుని, ఎండకు తిరిగి వదిలేస్తుంది. మీద సిమెంటు పూస్తే ఆ తేమ బయటికి రాలేక లోపలే ఉండి, ఉప్పు పేరుకుని, రెండు మూడు వానాకాలాల్లో పూతను పెళ్లలుగా ఊడదీస్తుంది. ఊడిన చోట స్తంభం లోగుట్టు కనబడుతుంది. ఎర్రటి చెక్కుడు ఇటుకలు గుండ్రంగా పేర్చి ఉంటాయి, మధ్య కీళ్లలో తెల్లటి సున్నం, గోటితో గీకితే పొడి రాలుతుంది. తెలిసిన మేస్త్రి ముందు వేలి కణుపుతో పైనుంచి కిందికి కొట్టుకుంటూ వస్తాడు. బోలు శబ్దం వచ్చిన మేరకు సుద్దతో గీత గీసి, అంతవరకే సిమెంటు తీసేసి, ఇటుకను తడిపి, మళ్లీ డంగు సున్నం పొరపొరగా వేస్తాడు. ఒక్కో పొర ఆరనిచ్చి తర్వాతది వేయాలి. కోఠీ రెసిడెన్సీని బాగుచేసినవాళ్లు కూడా సిమెంటును పక్కనపెట్టి సున్నం దారిలోనే పోయారు. ఆ పనికి పట్టిన కాలం రెండు దశాబ్దాల పైమాటే, మొదట కట్టడానికి పట్టిన దానికి ఎన్నో రెట్లు.